కుక్కలకును పిల్లులకును వచ్చు సాధారణ వ్యాధులు: గుర్తించు విధము, చికిత్స

(రాయపూరు పురపాలకోద్యోగుల, తహసీలుద్యోగుల సమావేశమున వైద్యశాఖ భాషాంతరీకర్త చదివిన ఉపన్యాసము)



నేను పశువైద్యుడను కాను. మనుష్యవైద్యుడను గూడ కాను. కళాశాలలో సాహిత్యము చదివి పట్టము పుచ్చుకొని, వైద్యశాఖవారి కరపత్రములను, సర్క్యులర్లను ఇంగ్లీషునుండియు హిందీనుండియు తెనిగించు కొలువున ఇరువది సంవత్సరములుగా నున్నవాడను. రాయపూరు నగరమునను చుట్టుపట్టులను రైల్వే కొలువులకై శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్నము ప్రాంతములనుండి వచ్చి స్థిరపడిన తెలుగువారు పెక్కుమంది కలరు గనుక నా పనికి ఇచ్చట చోటు దొరకినది. అట్టివాడు కుక్కల రోగములను, పిల్లుల రోగములను గూర్చి మీకు చెప్పబూనుట వింతగా తోచవచ్చును. చికిత్సా విషయములన్నియు పశువైద్యులు చూచి దిద్దినవే. నా సొంతమని చెప్పదగినది ఒక్కటి మాత్రమే. రోగములకు మనము పెట్టుకొన్న పేర్లు రోగనిర్ణయమును ఎన్నిచోట్ల చెఱచుచున్నవో నేను చూచితిని. ఒకచోట ఆ చెఱుపు నా చేతిమీదుగనే జరిగినది. దానితోనే మొదలుపెట్టెదను.

కొన్నియేండ్ల క్రిందట రేబీసు వ్యాధిని గూర్చిన ఒక కరపత్రమును తెనిగించితిని. మూలమున కుక్కయందు కనబడు లక్షణములు ఒక పేరాలోను, కఱవబడిన మనుష్యునియందు కనబడు లక్షణములు వేఱొక పేరాలోను ఉండెను. కాగితమున చోటు చాలదనగా నేను రెండు పేరాలను కుదించి ఒకటి చేసితిని. ఆ కుదింపులో "నీటిని చూచి బెదరుట" అను మనుష్యలక్షణము కుక్క లక్షణములలో చేరిపోయెను. అచ్చుపడిన తరువాత చదువుకొని, వాక్యపు నడక బాగున్నదనియే సంతోషించితిని.

ఆ యేడు వానకాలమున రైల్వే పేటలో ఒకరి పెంపుడు కుక్క రెండు దినములు తిండి ముట్టలేదు. కఱవలేదు, మొఱుగలేదు, వీథిలోనికి పరుగెత్తలేదు. మంచము క్రింద పండుకొని, క్రింది దవడ వ్రేలవేసి చొంగ కార్చుచుండెను. ఇంటియజమాని నా కరపత్రము చదివినవాడు. గిన్నెతో నీళ్లు పెట్టి చూచెను. కుక్క బెదరలేదు సరిగదా, మూతి నీటిలో ముంచెను. నీరు మాత్రము గొంతు దిగలేదు. గొంతులో ఎముక అడ్డుపడినదని తలచి ఆయన దాని నోట చేయి పెట్టి వెదకెను. పండ్లు వ్రేళ్లకు గీచుకొనెను. మూడవనాడు కుక్క చచ్చెను. ప్రక్కయింటి ఆరోగ్య కార్యకర్త ఈ సంగతి విని, ఆ రాత్రియే ఆయనను ఆస్పత్రికి తీసికొనిపోయి, గాయము కడిగించి, టీకాయు సీరమును వేయించినది. కుక్క తలను పరీక్షకు పంపగా రేబీసని తేలెను. ఆయన నేటికిని ఆరోగ్యముగా ఉన్నాడు. ఒకనాడు నా కార్యాలయమునకు వచ్చి, ఆ కాగితము బల్లమీద పెట్టి, కోపమేమియు లేక, "ఇందులో రాసినట్టే నీళ్లు పెట్టి చూసేను బాబూ, భయపడలేదు" అనెను. నాకు బదులు చెప్ప నోరాడలేదు.

నీటిభయము మనుష్యునకు వచ్చునది. రేబీసు సోకిన మనుష్యుడు నీరు మ్రింగబోగా గొంతుకండరములు బిగుసుకొని బాధపెట్టుటచే, పిమ్మట నీటిని చూచినంతనే వణకును. సుశ్రుత సంహితయందు కల్పస్థానమున జలత్రాసమని చెప్పబడినదియు కఱవబడిన మనుష్యుని విషయముననే. కుక్కకు అట్టి భయము లేదు. అది నీటియొద్దకు పోవును, మూతి పెట్టును, త్రాగవలెనని యత్నించును. గొంతు చచ్చుపడినచో మ్రింగజాలదు. కాబట్టి నీళ్లు పెట్టి చూచు పరీక్ష పరీక్షయే కాదు. మీ వార్డులలో దీనిని నమ్మువారు ఇంకను కలరు.

"పిచ్చి" అను మాట దీనికంటెను పెద్ద చిక్కు. మనము పిచ్చికుక్క యందుము; హిందీవారు పాగల్ కుత్తా యందురు; ఛత్తీస్‌గఢీలో బయిహా కుకుర్ అందురు. రేబీసను లాటిను మాటకును ఉన్మాదమనియే అర్థము. ఇన్ని భాషలును కలిసి ఒక్క చిత్రమునే మన కన్నులయెదుట నిలుపుచున్నవి: తోక దించి, నురుగు గ్రక్కుచు, కనబడినవారినెల్ల కఱచుచు పరుగెత్తు కుక్క. అట్టి రూపము కలదు, అది నిజమే. కాని రెండవ రూపము మూగది. అందు కుక్క చీకటిమూలకు చేరును, పిలిచిన పలుకదు, దవడ వ్రేలాడును, మొఱుగు గొంతు మాఱి బొంగురుపోవును, వెనుక కాళ్లు తూలును, తరువాత ఒడలంతయు చచ్చుపడును. కొన్ని కుక్కలు మొదట ఒక రూపమును, పిదప రెండవ రూపమును పొందును. మట్టి, కఱ్ఱముక్కలు, రాళ్లు మ్రింగుట రెంటను కనబడవచ్చును. మూగరూపమున కుక్క తఱుచుగా కఱవదు. దానికి మందు పోయబోయినవాడే, ఎముక వెదకినవాడే, జాలిపడి ఒడిలో పెట్టుకొన్నవాడే చిక్కుపడును. దవడ వ్రేలాడు కుక్కనోట చేయి పెట్టవలదని ఒక్క వాక్యము మీ పాఠశాలలలో చెప్పించినను చాలు. పిల్లి విషయమున నింకను జాగ్రత్త వలయును. రేబీసు పట్టిన పిల్లి మంచము క్రిందనో ధాన్యపు బస్తాల వెనుకనో దాగి, వంగి చూచినవాని ముఖముపై హఠాత్తుగా దూకును.

పది దినముల లెక్కను గూర్చి మీలో అందఱును వినియుందురు; కారణము కొందఱే యెఱుగుదురు. రేబీసు విషక్రిమి కుక్క చొంగలోనికి వచ్చుట రోగలక్షణములు పైకి కనబడుటకు కొలది దినములు మాత్రమే ముందు. లక్షణములు కనబడిన పిమ్మట కుక్క కొలది దినములలోనే చచ్చును. కనుక కఱచిన కుక్క పదవనాడు తిని తిరుగుచున్నచో, కఱచిననాడు దాని చొంగలో ఆ విషము లేదని నిశ్చయముగా చెప్పవచ్చును. ఈ లెక్క కుక్కకును పిల్లికిని చెల్లును. కోతికిని నక్కకును ముంగిసకును చెల్లదు. మఱియొక మాట: కుక్కను కనిపెట్టి చూచుట టీకాను ఆపుటకు కాదు. టీకా నాడే మొదలు కావలెను. పదవనాడు కుక్క ఆరోగ్యముగా నున్నచో మిగిలిన మోతాదుల సంగతి వైద్యుడు నిర్ణయించును. కుక్క చచ్చినచో రోగము తేల్చుటకు దాని మెదడు కావలెను. జనులు కుక్క తలను దుడ్డుకఱ్ఱలతో చితుకగొట్టుదురు; దానితో సాక్ష్యమును చితికిపోవును. కళేబరమును వట్టి చేతులతో ముట్టక, పశువైద్యునికి వెంటనే కబురుచేయవలెను.

కాటు తగిలినవాని సంగతి క్లుప్తముగా చెప్పెదను. గాయమును ధారగా పడు నీటితోను సబ్బుతోను పదునైదు నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, పసుపు, కాఫీపొడి పెట్టరాదు. ఈ కడుగుటచేతనే విషక్రిమి చాలవఱకు నశించును. ఇంతటి మేలుచేయు పని ఇంత తక్కువ ఖర్చుతో వైద్యమున మఱియొకటి ఉన్నదో లేదో. రక్తము వచ్చిన కాటునకు టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ అను సీరమును గాయమునందును చుట్టును వేయవలెను. టీకా చర్మములోనికి వేయు పద్ధతిని 0, 3, 7, 28 దినములలో వేయుదురు.

ఆస్పత్రికి రానివారు చెప్పు కారణములలో ముఖ్యమైనది "బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు" అను భయము. ఈ భయమునకు చరిత్ర కలదు. 1885 జూలైలో పారిసున పాశ్చరు పండితుడు జోసెఫ్ మైస్టరను తొమ్మిదేండ్ల బాలునికి మొదట టీకా వేసెను. దక్షిణదేశమున 1907 లో కూనూరున పాశ్చరు సంస్థ వెలసెను. గొఱ్ఱె మెదడునుండి తీసిన సెంపుల్ టీకాను పొట్టపై అనేక దినములు వరుసగా వేయుచుండిరి. అందు కొందఱికి పక్షవాతమువంటి కీడును కలుగుచుండెను. ఆ టీకా మనదేశమున 2004 తో ఆగిపోయెను. ఇప్పటి టీకా కణవర్ధనమునుండి చేయబడునది, భుజమునకు వేయుదురు. సూది మాఱి ఇరువది యేండ్లు దాటినను మాట మాఱలేదు.

ఇక రేబీసు కాని వ్యాధులు. పేరు చెఱచిన రెండవ వ్యాధి డిస్టెంపరు. 1905 లో ఫ్రాన్సు దేశస్థుడగు కారే అను పశువైద్యుడు ఇది వడపోతకు చిక్కని సూక్ష్మక్రిమివలన వచ్చునని చూపెను. మన పిల్లలకు వచ్చు పొంగు క్రిమికి ఇది జ్ఞాతి. మనుష్యులకు మాత్రము అంటదు. మొదట జ్వరము, కంట పుసి, ముక్కున చీమిడి, దగ్గు, విరేచనములు, పొత్తికడుపుపై చీముపొక్కులు, కొన్నిటికి ముక్కుకొనయు అరికాలి మెత్తలును గట్టిపడును. కుక్క తేఱుకొన్నట్లే యుండి, కొన్ని వారములకు తలయో కాలో లయబద్ధముగా ఎగురసాగును. దవడ నమలుచున్నట్లు ఆడి, నోట నురుగు వచ్చి మూర్ఛలు కలుగును. ఆ నురుగును చూచి "పిచ్చి" యని కేక వేసిన, వీథి అంతయు కఱ్ఱలు పట్టును. అట్లు చచ్చిన కుక్కలలో రేబీసు లేనివి ఎన్నో.

అట్లని వీథికుక్కకు మూర్ఛ చూచి డిస్టెంపరేయని మీరును నేనును తీర్మానింపరాదు. కంటిచూపున రెంటిని తప్పక వేఱుపఱచుట పశువైద్యునికే కష్టము. మనము చేయవలసినది దానిని దూరముగా కట్టడిచేసి, కంట పుసి ఉన్నదా, ముక్కు కారుచున్నదా, ఎన్ని దినములనుండి యని చూచి చెప్పుట. డిస్టెంపరు క్రిమిని చంపు మందు నేటికిని లేదు. నీరు, ఆహారము నిలుపుట, పైవచ్చు న్యుమోనియాకు ఆంటీబయోటిక్కులు, మూర్ఛలకు మందు, ఇంతియే చికిత్స. రక్షణ టీకాలో ఉన్నది. కుక్కపిల్లకు ఆఱు ఎనిమిది వారముల వయసున మొదలుపెట్టి, మూడు నాలుగు వారముల కొకసారి పదునాఱు వారములు నిండువఱకు వేయవలెను. రేబీసు టీకా మూడవ నెలలో వేసి, పిమ్మట పశువైద్యుడు చెప్పిన గడువులలో తిరిగి వేయించుచుండవలెను.

ఏ వ్యాధియైనను పేరు పెట్టుటకు ముందు చూడవలసినవి మూడు కలవు. వీనిని మీ పారిశుద్ధ్య జవానైనను నేర్వగలడు. ఐతే కుక్క కఱచునదైనను, రేబీసు అనుమానము ఏమాత్రమున్నను తాకరాదు. మొదటిది చిగుళ్లు. ఆరోగ్యముగల కుక్క చిగురు గులాబి రంగున ఉండును. వ్రేలితో నొక్కి విడిచిన రెండు సెకనులలో రంగు మరల వచ్చును. తెల్లబడిన రక్తహీనత, పచ్చబడిన కామెర్లు, గోధుమరంగైన విషమును అనుమానింపవలెను. రెండవది మెడమీది చర్మము. పట్టి ఎత్తి విడిచిన వెంటనే దిగవలెను. ముడత నిలిచినచో ఒంటిలో నీరు తగ్గినది. మూడవది జ్వరము. కుక్కకు సహజముగనే ఒడలి వేడి 101, 102 డిగ్రీల ఫారెన్‌హీటు వఱకు ఉండును గనుక, చేయి పెట్టి "కాలుచున్నది" అనుకొని మనుష్యుల జ్వరపు మాత్ర వేయువారు తప్పు రెండింతలు చేయుచున్నారు. రాయపూరున నౌతపా దినములలో మూతిపొట్టి జాతికుక్కలకు వడదెబ్బ తగిలి 106 డిగ్రీలు దాటుట కలదు; అప్పుడు నీడకు చేర్చి, నీటితో తడిపి, విసరుచు పశువైద్యునికడకు చేర్చవలెను.

కుక్కపిల్లలకు వచ్చు నెత్తురు విరేచనములను జనులు "ఎండదెబ్బ" యనియు "దిష్టి" యనియు చెప్పుకొందురు. చాలవఱకది పార్వో. ఈ క్రిమి 1978 ప్రాంతమున లోకమునకు క్రొత్తగా వచ్చినది. కొలది యేండ్లలోనే మద్రాసున కనబడెను. ఆఱు వారములనుండి ఆఱు నెలలలోపు పిల్ల తిండి మాని, వాంతులు చేసికొని, దుర్వాసన గల నెత్తురు విరేచనమగుచున్నచో గంటలు లెక్కపెట్టవలెను. సిరలోనికి సెలైను ఎక్కించుట, వాంతి ఆపుట, ఆంటీబయోటిక్కు ఇచ్చుట సకాలమున జరిగినచో పెక్కు పిల్లలు బ్రతుకును. ఊరకున్నచో రెండు మూడు దినములలో చచ్చును.

ఇక్కడ పురపాలకులకు సంబంధించిన సంగతి ఒకటి. ఈ క్రిమి నేలలో నెలల తరబడి, ఒక్కొక్కచో సంవత్సరము గూడ నిలుచును. మనము దేనికైనను ఫినాయిలు చల్లుదుము. కుక్కల ఆశ్రయములలోను అదియే చల్లుచున్నారు. ఫినాయిలు పార్వోను నమ్మదగినట్లు చంపదు. పైగా ఫినాలు జాతి మందులు పిల్లులకు విషము. కాలికంటిన దానిని నాకినను చాలును. ముందు నీటితో మలమంతయు కడిగి, తరువాత బ్లీచింగు నీరు పోసి పది నిమిషములు నిలువనిచ్చి కడిగివేయవలెను. అందుచే ఖర్చును పెరుగదు. బ్లీచింగు పొడి మీ గిడ్డంగిలో ఉన్నదే.

పిడుదుల జ్వరము వేఱొక కథ. పిడుదులను కొన్నిచోట్ల గోమార్లందురు. ఇవి కుక్కను పీల్చి, దిగి, గోడనెఱ్ఱెలలో గ్రుడ్లు పెట్టును. కాబట్టి కుక్కకు మందు పూసి గోడను మఱచినచో నెలలో మరల మొదలు. ఇవి మోయు క్రిములలో ఎర్లికియా, బాబీసియా యను రెండును మనదేశమున తఱుచు. 1910 లో ప్యాటన్ అను శాస్త్రజ్ఞుడు మద్రాసు హంటువారి వేటకుక్కల నెత్తుటిలో ఒక క్రొత్త బాబీసియాను కనుగొని, తరువాత అదియే నక్కలలోను ఉండుట చూచెను. దొరల వేటకుక్కలకు మొదట పేరుపొందిన రోగము నేడు మన వీథికుక్కలకును రైల్వే క్వార్టర్ల పెంపుడు కుక్కలకును సొంతమైనది. జ్వరము, నీరసము, తెల్లబడిన చిగుళ్లు, ముక్కునుండి నెత్తురు, కాఫీరంగు మూత్రము కనబడవచ్చును. ముక్కునెత్తురును "వేడి చేసినది" యని మజ్జిగ పోయుదురు. నిర్ణయము రక్తపు చుక్కను గాజుపలకపై రాచి సూక్ష్మదర్శినితో చూచుటవలన కలుగును. క్రిమి కంటబడకున్నను రోగము లేదని చెప్పరాదు. ఎర్లికియాకు డాక్సీసైక్లిను ఇరువదియెనిమిది దినములు ఈయవలెను. రెండు మూడు దినములలోనే కుక్క లేచి తినును. యజమాని మాత్రలు మానును. రోగము లోపల నిలిచి, నెలల తరువాత ఎముకమూలుగనే చెఱచును. బాబీసియాకు మందు వేఱు, అందులోను జాతినిబట్టి వేఱు. అందుకే పేరుతో కాక పరీక్షతో పని.

చర్మరోగములన్నియు మనకు "గజ్జి" యే. గజ్జికి పల్లెలలోను మోటారు షెడ్లలోను చేయు వైద్యము కాలిన ఇంజను నూనె పూయుట. నేను చిన్ననాట చూచితిని, మొన్నను చూచితిని. ఆ నూనె చర్మమును కాల్చును. కుక్క నాకినచో లోపల విషమగును. గజ్జి మానినట్లు కనబడుట కొన్నాళ్లకు వెండ్రుక నల్లబడి అంటుకొనుటచేత. నిజమునకు ఇందు మూడు నాలుగు రోగములు కలవు. చెవి అంచులను, మోచేతులను మొదలై తీవ్రముగా దురదపెట్టునది సార్కోప్టిసు పురుగు. ఇది ఇంటివారికిని కొన్నాళ్లు దురద తెచ్చును. పిల్లలకు కంటిచుట్టు వెండ్రుకలు రాలి, దురద అంతగా లేనిది డెమోడెక్సు. ఇది మనుష్యులకు అంటదు. గుండ్రముగా పొలుసులు రేగునది తామర, ఇది అంటును. చర్మమును గీకి సూక్ష్మదర్శినితో చూచిన తేలును. పురుగులకు ఐవర్‌మెక్టినును, నేడు దానికంటె క్షేమమైన నోటిమాత్రలును ఉన్నవి. ఐవర్‌మెక్టిను కోలీవంటి కొన్ని జాతికుక్కలకు మెదడువిషమగును; పశువులకొఱకు తెచ్చిన సీసాను కుక్కకు అందాజుగా గ్రుచ్చు అలవాటు మానుపింపవలెను.

వీథికుక్కల జననాంగమునుండి నెత్తురు కారుటకు తఱుచుగా కారణము ఒకదానినుండి ఒకదానికి సంక్రమించు కంతి. చూచుటకు ఘోరము, నయమగుటకు సులువు. వారమున కొకసారి విన్‌క్రిస్టిను సూది నాలుగైదు మాఱులు వేసిన చాలవఱకు మానును. ఆ మందు మన పెరళ్లలోని బిళ్ళగన్నేరునుండి వచ్చినది.

కడుపులోని పురుగులను గూర్చి ఎక్కువ చెప్పను. కుక్కపిల్లలకు ఏలికపాములు తల్లి గర్భముననే సంక్రమించును. కాబట్టి రెండవ వారమునుండియే రెండు వారముల కొకసారి పురుగుల మందు వేయవలెను. కొంకిపురుగు నెత్తురు పీల్చి పిల్లను పాలిపోజేయును. ఈ పురుగుల గ్రుడ్లు కుక్కమలముతో ఇసుకలో చేరును; అందాడిన బిడ్డల కంటికి ఏలికపాము పిల్ల చేరి చూపు చెఱచుటయు కలదు. పార్కులలోని ఇసుకగుంటలకు రాత్రులు మూత వేయించుడు.

పిల్లులను గూర్చి మనవారు చిన్నకుక్కలనియే తలచుచున్నారు. పిల్లి కాలేయము కొన్ని మందులను విఱువజాలదు. ఒక్క పారాసెటమాలు మాత్ర పిల్లిని చంపగలదు: చిగుళ్లు గోధుమరంగగును, ముఖము ఉబ్బును, ఊపిరి ఆడదు. తెలిసిన వెంటనే పశువైద్యుడు ఎసిటైల్‌సిస్టీను ఇచ్చినచో కొన్ని బ్రతుకును. కుక్కల పిడుదులకై అమ్ము పెర్మెత్రిను మందును పిల్లికి పూసినచో వణకు పుట్టి మూర్ఛలు వచ్చును. పేరు చేసిన కీడు ఇందును కలదు. మగపిల్లి పదేపదే కూర్చుండి ముక్కుచు అఱచుచున్నచో ఇంటివారు మలబద్ధకమని ఆముదము పోయుదురు. అది మలబద్ధకము కాదు; మూత్రనాళము మూసికొనిపోయినది. ఒకటి రెండు దినములలో మూత్రము వెడలించనిచో పిల్లి చచ్చును. మట్టిలో తడి ఉన్నదా లేదా చూచిన తెలియును. పొత్తికడుపును నొక్కరాదు, సంచి పగులును.

ఇన్నియు చెప్పిన తరువాత మీ కార్యాలయములలో మాఱవలసినది ఏమనగా, కుక్కల ఫిర్యాదుల రిజిస్టరు. అనేక చోట్ల అందు "వ్యాధి పేరు" అను గడి యున్నది. గుమాస్తా అందు "పిచ్చి" అని వ్రాయును, పని ముగియును. ఆ గడిని కొట్టివేసి లక్షణములకు చోటీయుడు. ఎన్ని దినములనుండి జబ్బు, తినుచున్నదా, మ్రింగుచున్నదా, దవడ ఎట్లున్నది, నడక ఎట్లున్నది, కంట ముక్కున ఏమి కారుచున్నది, విరేచన మెట్టిది, ఎవరిని కఱచినది, టీకా గుర్తుగా చెవి కత్తిరించి యున్నదా యనునవి వ్రాయింపుడు. చెవి కత్తిరింపు శస్త్రచికిత్సకు గుర్తేగాని, ఈ యేటి టీకాకు హామీ కాదని గూడ గుమాస్తాకు చెప్పుడు. చివర "పదవనాడు" అని ఒక గడి పెట్టి, ఆ దినమున ఒకరిని పంపి కుక్కను చూపించి సంతకము చేయింపుడు.

ఈ గడి ఎంత విలువైనదో 2025 లో మనకు ప్రక్కనే తెలిసినది. ఒకప్పుడు రాయపూరు జిల్లాలోనిదైన బలౌదా బజారు ప్రాంతమున, లచ్ఛన్‌పూరు పాఠశాలలో జూలై నెల చివర మధ్యాహ్న భోజనపు కూరను వీథికుక్క ఎంగిలిచేయగా, ఆ కూరనే పిల్లలకు వడ్డించిరి. పిమ్మట 78 మందికి రేబీసు టీకా వేయవలసివచ్చెను. బిలాసపూరు హైకోర్టు తనంతట తానే ఆ విషయమును విచారణకు తీసికొని, 84 మంది విద్యార్థులకు తలకు 25,000 రూపాయల పరిహారము ఈయవలెనని ఉత్తరువు చేసెను. రేబీసు వచ్చు త్రోవలుగా నిరూపితమైనవి కాటు, గీఱు, పుండునకో నోటికంటికో చొంగ తగులుట. ఎంగిలికూర తిన్నందున వచ్చు అపాయము స్వల్పము. టీకా వేయుట మాత్రము ఒప్పే. అట్టి వేళ తల్లిదండ్రుల రాత్రినిద్రకు కావలసిన మందు ఇంకొకటి కలదు. ఆ కుక్కను ఒకరు కనిపెట్టి, పదవనాడు అది తిని తిరుగుచున్నదని ఊరిలో చెప్పుట. అందులకు ఖర్చు ఒక మనిషి పది దినముల చూపు.

చట్టము మీకు తెలిసినదే. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమములు స్థానిక సంస్థలపై భారము పెట్టినవి: కుక్కలకు శస్త్రచికిత్స, టీకా చేసి పట్టినచోటనే విడువవలెను, రేబీసు అనుమానముగల కుక్కను వేఱుగా ఉంచవలెను. 2025 ఆగస్టు 22 నాటి సుప్రీముకోర్టు ఉత్తరువును రేబీసు సోకినవానిని, సోకినట్లు అనుమానమున్నవానిని, మీదపడి కఱచువానిని తిరిగి విడువరాదనెను. "అనుమానము" అను ఆ మాటకు అర్థము మీ రిజిస్టరులోని లక్షణములే చెప్పగలవు. ఊరికుక్కలలో నూటికి డెబ్బది టీకా పొందినచో వ్యాధి వాటిలో వ్యాపింపక ఆగునని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. 2030 నాటికి కుక్కకాటు రేబీసును తొలగింపవలెనని 2021 లో ప్రకటించిన జాతీయ ప్రణాళికకును అదియే ఆధారము.

నా పాత కరపత్రమును ఉపసంహరించితిమి. క్రొత్తది మీ బల్లలమీద ఉన్నది. ఇందు కుక్క లక్షణములు ముందుపుటను, మనుష్య లక్షణములు వెనుకపుటను అచ్చొత్తించితిని. "నీరు" అను మాట ముందుపుటలో ఒక్కచోటనే, గాయము కడుగుటకొఱకే కలదు. అడుగున రెండు గీతలు ఖాళీగా విడిచితిని. ఒకదానిపై మీ ప్రాంతపు పశువైద్యశాల టెలిఫోను సంఖ్యను, రెండవదానిపై టీకా దొరకు ఆస్పత్రి పేరును చేతితో వ్రాయించి, మధ్యాహ్న భోజనపు వంటశాలలలోను, రేషను దుకాణములలోను, రైల్వే క్వార్టర్ల నోటీసు పలకలపైని అంటింపుడు. ప్రతులు చాలనిచో నాకు వ్రాయుడు, పంపెదను.